పాకాల కొట్టానికి మేకులా, స్క్రూలా? ఆచారి ఒకటంటాడు, బావ ఇంకోటంటాడు

#1 పాకాల_పిల్లోడు
అందరికీ నమస్తే. నేనుండేది తిరుపతిలో, ఊరు పాకాల దగ్గర. అక్కడ మా నాయన ఆవులు, మేకలు పెట్టుకుని ఉన్నాడు. పాత బోదగడ్డి కొట్టం మొన్నటి వానలకి సగం కూలిపోయింది, ఇంక దానికి అతుకులు వేసేది లేదు, కొత్తది కట్టేద్దాం అనుకున్నాం. నిలువు గుంజలు చెక్కవే, పైన రేకులు, ఒక పక్కన గడ్డీ దాణా పెట్టుకోడానికి చిన్న అటక, ముందర పలకల తలుపు. ఇంటి వెనకున్న వేపచెట్టు కూడా అదే వానకి పడిపోయింది, దాన్ని కోత మిల్లులో కోయించి పెట్టాం.

గొడవ ఏందంటే, పని చేసే ఆచారి అంతా మేకులే అంటాడు, స్క్రూలు బీరువాలకీ కిటికీలకీ గానీ కొట్టానికెందుకు అంటాడు. మా బావ బెంగళూరులో ఇంటీరియర్ పనులు చేయిస్తాడు, ఈ కాలంలో మేకులేంది, బ్యాటరీ డ్రిల్లు నేను తెస్తా, అంతా స్క్రూలే వేద్దాం అంటాడు. యూట్యూబ్‌లో చూస్తే అమెరికావాళ్లు ఇల్లంతా గన్ను పెట్టి టపటపా మేకులే కొడుతున్నారు. ఇద్దరికీ మధ్య నేను నలిగిపోతున్నా. గంగజాతర లోపల పని అయిపోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

#2 ఊరికే_వచ్చా
మేకలకి మేకులు, ఆవులకి స్క్రూలు. ఇద్దరి మాటా నిలబడుతుంది. ఇంక టాపిక్ మూసేయండి.

#3 రేణిగుంట_హార్డ్‌వేర్
కౌంటర్లో ఉండి రాస్తున్నా, మధ్యలో ఆగితే ఏమనుకోవద్దు.

తమ్ముడూ, మేకా స్క్రూనా అనే ముందు ఏ మేకు, ఏ స్క్రూ అని అడగాలి. మా షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది "మేకులివ్వు" అని చేయి చాపుతారు. మామూలు మేకు కిలో లెక్క, ఇంచుల్లో పొడవు, పక్కన గేజి, అంటే లావు. దానిమీదే జింకు పూత పూసింది జీఐ మేకు, వాన తగిలే చోట అదే వాడాలి. మూడోది కాంక్రీటు మేకు, గోడకి కొట్టేది. అది గట్టిదని చెక్కకి కొనుక్కుపోయేవాళ్లు ఉన్నారు, దండగ, దాని గట్టిదనమంతా సిమెంటు కోసం.

స్క్రూల్లో ఇంకా గందరగోళం. డబ్బామీద 35 x 8 అని ఉంటే పొడవు 35 మి.మీ., లావు 8 నంబరు. పసుపు రంగువి చిప్‌బోర్డు స్క్రూలు, ప్లైవుడ్డుకీ చెక్కకీ పోతాయి. నల్లవి జిప్సం బోర్డు స్క్రూలు. వీటితోనే తలనొప్పి. చవక, కొన సూదిలా ఉంటుంది, రంధ్రం లేకుండా దిగుతుంది, అందుకని జనం అన్నిటికీ అవే అడుగుతారు. అవి సీలింగులో జిప్సం బోర్డు పట్టుకోడానికి చేసినవి, గట్టిపరిచిన ఉక్కు, పక్కనుంచి బరువు పడితే వంగవు, టప్‌మని తెగుతాయి. పైన ఉండేది ఫాస్ఫేటు పూత, తేమ తగిలితే తుప్పే. ఆవుల కొట్టంలో పేడా మూత్రం ఆవిరి మధ్య ఒక్క వానాకాలం కూడా సరిగ్గా ఉండవు. మీ బావ తెచ్చేది అవే అయితే అడ్డుకో.

#4 చిత్తూరు_సివిల్
పైన అన్న చెప్పినదానికి కొంచెం లెక్క కలుపుతా.

అతుకుమీద బలం ఏ దిక్కున వస్తుందో చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. పలక కిందికి జారాలని చూస్తోందనుకోండి, మేకుని అడ్డంగా కోసేటట్టు బలం పడుతుంది, మేం దాన్ని షియర్ అంటాం. మామూలు మేకు మెత్తటి ఉక్కు, లావూ ఎక్కువ, వంగుతుందే గానీ తెగదు. వంగే లోపల మనకి కంటికి కనిపిస్తుంది కూడా, పలక కొంచెం దిగుతుంది, కిర్రుమంటుంది. అదే పలకని బయటికి పీకే బలం అయితే మేకు ఓడిపోతుంది, ఎందుకంటే మేకుని పట్టుకునేది చెక్క పోగుల ఒరిపిడి మాత్రమే. స్క్రూకి మరలుంటాయి, అవి చెక్కలో కూర్చుంటాయి, పీకాలంటే ఆ చెక్కే చిరగాలి.

అమెరికావాళ్ల వీడియోలు చూసి మనం పోల్చుకోకూడదు. వాళ్ల ఇంటి గోడే చెక్క చట్రం, మెత్తటి పైన్, ఒక ఇంటికి వేల అతుకులు, దాదాపు అన్నిటిమీదా పడేది అడ్డబలమే, పైగా గన్నుతో క్షణంలో అయిపోతుంది. అందుకే మేకు. మనకి తిరుపతిలో, చిత్తూరులో ఇల్లంటే పిల్లర్లు, ఇటుక, స్లాబు. చెక్క ఉండేది తలుపూ కిటికీ దగ్గరే, లేదంటే ఇలాంటి కొట్టాలూ షెడ్లూ. మనదగ్గర కూడా మేకు అతుకులు నాటు పనేం కాదు, ఐఎస్ 2366 అని చెక్కని మేకులతో కలిపే పని కోసమే ప్రత్యేకంగా కోడ్ ఉంది. ఏ మందానికి ఏ మేకు, ఎంత దూరంలో కొట్టాలి అన్నీ అందులో ఉంటాయి.

#5 కుప్పం_టు_బెంగళూరు
మీ బావ వృత్తే నాది, కాబట్టి ఆయన తరఫున వకాల్తా. స్క్రూ వేస్తే రేపు విప్పొచ్చు. ఒక పలక పుచ్చిందనుకోండి, విప్పి ఇంకోటి వేస్తాం. మేకు పీకాలంటే పలక పగలాల్సిందే. రెండోది, సుత్తి దెబ్బలకి పక్కనున్న అతుకులు కూడా వదులవుతాయి, డ్రిల్లుతో ఆ గోల లేదు. మూడోది, ఒక్కడే మనిషి ఒక చేత్తో పలక పట్టుకుని ఇంకో చేత్తో బిగించేస్తాడు. ఆచార్లకి డ్రిల్లు అలవాటు లేక మేకులు అంటారు, అంతే.

#6 ఆచారి_మనవడు
అన్నా, "అలవాటు లేక" అనే మాట దగ్గర ఆగుదాం. మా తాత, మా నాయన ఇదే పని. నేను ఉద్యోగం చేస్తున్నా గానీ ఉలి పట్టకుండా పెరగలేదు.

మేకు కొట్టడం అంటే కనిపించిన చోటల్లా సుత్తితో బాదడం కాదు. పలక చివర్లో కొట్టేటప్పుడు మేకు కొనని ముందు సుత్తితో ఒకసారి తట్టి మొద్దు చేస్తారు. కొన సూదిగా ఉంటే పోగుల్ని రెండుగా చీల్చుకుంటూ పోతుంది, మొద్దుగా ఉంటే పోగుల్ని నలిపి దారి చేసుకుంటుంది, చెక్క పగలదు. రెండు మేకులు ఒకే గీతమీద కొట్టరు, ఒకటి పైన ఒకటి కింద తప్పించి కొడతారు. నిటారుగా కొట్టరు, ఒకటి ఇటు వాలు, ఇంకోటి అటు వాలు, అప్పుడు పలక పైకి లేవాలంటే రెండూ అడ్డం పడతాయి. పాత ఊరి తలుపులు చూడండి, పలక వెనకనుంచి మేకు కొన బయటికి వచ్చి మళ్లీ వంచి చెక్కలోకి దించి ఉంటుంది. అలా మడిచిన మేకుని పీకడం ఎవడి తరమూ కాదు, మీ మరలకన్నా తక్కువేం పట్టదు. పలకల తలుపుకి ఇప్పటికీ నేను అదే చెబుతా.

విప్పొచ్చు అన్నారు కదా, నిజమే. కానీ తుప్పు పట్టిన స్క్రూ, గాడి అరిగిపోయిన స్క్రూ విప్పిచూపించండి ఒకసారి.

#7 కుప్పం_టు_బెంగళూరు
గాడి ఎందుకు అరుగుతుంది? బిట్టు సరైనది పెట్టక. 8 నంబరు స్క్రూ ప్లస్ గాడికి పీహెచ్2 సైజు బిట్టు. దాంట్లో పీహెచ్1 పెట్టి గిర్రున తిప్పితే అరగక ఏమవుతుంది. వేసేవాడి తప్పుకి స్క్రూనంటే ఎట్లా.

అయినా ఆచార్లు స్క్రూలు ఎట్లా వేస్తారో అందరికీ తెలిసిందే. ముప్పావు వంతు సుత్తితో కొట్టేసి, చివర రెండు చుట్లు మాత్రం స్క్రూడ్రైవరు పెట్టి తిప్పుతారు. తలుపు బందులు ఊగిపోయేది అందుకే.

#8 ఆచారి_మనవడు
అది నిజం, కాదనను. చేసేవాళ్లు ఉన్నారు. కానీ కారణం కూడా చెప్పండి. చేత్తో తిప్పే స్క్రూడ్రైవరుతో పాత వేప ద్వారబంధంలోకి రెండు ఇంచుల స్క్రూ దింపాలంటే మణికట్టు పోతుంది. రోజు కూలి కాకుండా తలుపుకి ఇంత అని మాట్లాడుకుంటే ఇంకెవడు తిప్పుతాడు. బిల్డరు డ్రిల్లు ఇవ్వడు, కరెంటు ఉండదు, సాయంత్రానికి తలుపులన్నీ నిలబెట్టమంటాడు.

#9 చిత్తూరు_సివిల్
కారణం ఏదైనా, అలా కొట్టిన స్క్రూ స్క్రూ కాదు. మరలు చెక్కలో తమకి తాము గాడి కోసుకుంటూ దిగాలి. సుత్తితో కొడితే దారి పొడవునా పోగులు చిరిగిపోతాయి, మరల మధ్య మిగిలేది పొట్టు. మేకు బిగువూ ఉండదు, స్క్రూ పట్టూ ఉండదు. కొత్త ఇళ్లలో రెండేళ్లకే తలుపు కిందికి దిగి బండకి రాసుకుంటుందంటే మొదట పై బందు స్క్రూలు విప్పి చూడండి. తలుపు బరువంతా పై బందుని గోడనుంచి బయటికి లాగుతూ ఉంటుంది, అక్కడ పీకే బలమే ఎక్కువ. చాలాసార్లు స్క్రూ చేత్తో లాగితేనే వచ్చేస్తుంది.

ఇంకోటి, ద్వారబంధాన్ని గోడలో నిలబెట్టే ఇనప హోల్డ్‌ఫాస్టులు. వాటికి స్క్రూల కోసమే రంధ్రాలుంటాయి, సైటులో రెండు మేకులు కొట్టి సిమెంటు పూసేస్తారు. పూశాక ఎవరికీ కనిపించదు కదా. ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ రోజు మాత్రం సైటులో ఉండండి.

#10 మిద్దెతోట_అక్క
ఈ మగవాళ్ల మాటలు చదివి నవ్వొచ్చింది, చెక్కపని అంటే ఆచారి, బావ తప్ప ఇంకెవరూ చేయనట్టు. నేను తిరుచానూరు రోడ్డులో ఉంటా, మిద్దెమీద మడులకి పెట్టెలు, కోళ్ల గూడు అన్నీ నేనే చేసుకున్నా. అనుభవంలో నుంచి రెండు ముక్కలు.

మడి పెట్టెలో తడిమట్టి పక్క పలకల్ని బయటికి తోస్తూనే ఉంటుంది. మేకులు కొట్టిన పెట్టెలు మూలల్లో మెల్లగా నోరు తెరుస్తాయి. పలక మందంలోకి, అంటే కోసిన కొన వైపునుంచి కొడితే మేకు అసలే పట్టదు, స్క్రూ కూడా అంతంతే. అందుకే మూలలో లోపల ఒక చదరపు కట్టె పెట్టి, పలకల్ని ఆ కట్టెకి స్క్రూలతో బిగించా. ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. వానకీ ఎండకీ నిలవాలంటే స్టెయిన్‌లెస్ స్క్రూలు, ఖరీదే, కానీ తిరుపతి ఎండలో పలక ఎండి, వానలో ఉబ్బి, మళ్లీ ఎండి నానా అవస్థ పడుతుంటుంది, అందులో మామూలువి తుప్పుపట్టి చెక్కమీద నల్లటి చారలు వేస్తాయి. తుమ్మ చెక్క వాడేవాళ్లు మరీ జాగ్రత్త, ఇనుము తగిలి తడిస్తే సిరా పోసినట్టు నల్లబడుతుంది.

కోళ్ల గూడుకి వల కొట్టడానికి మాత్రం రెండూ వద్దు, యు ఆకారం మేకులుంటాయి, అవి.

#11 సెంట్రింగ్_సామి
స్క్రూలంటున్నారు, మా పనికి స్క్రూ తెస్తే మేస్త్రి తరిమేస్తాడు. స్లాబుకి కొట్టిన పలకలు కాంక్రీటు గట్టిపడగానే పీకేయాలి, మళ్లీ ఇంకో ఇంటికి వాడాలి. మామిడి పలకలు మా చిత్తూరు వైపు దండిగా దొరుకుతాయి, మెత్తన, మేకు దిగేదీ సులువు, పీకేదీ సులువు. తల కొంచెం పైకి వదిలి కొడతాం, అప్పుడు గడ్డపార కొన పెట్టి లేపితే వచ్చేస్తుంది. స్క్రూ తల గాడిలో సిమెంటు పాలు ఎండిపోతే ఇంక ఎవడు విప్పుతాడు.

విప్పాలంటే స్క్రూ అని పైన ఎవరో అన్నారు. తొందరగా విప్పాలంటే మేకే. వంగిన మేకులు కూడా మేం పారేయం, సాయంత్రం రాయిమీద పెట్టి సాపు చేస్తాం.

#12 ఊరికే_వచ్చా
అంటే ఇప్పుడు స్కోరు ఎంత? మేకు రెండు, స్క్రూ రెండు, ఆవులు ఇంకా వానలోనే.

#13 పాకాల_పిల్లోడు
అందరికీ థాంక్స్, ఇంత చెబుతారని అనుకోలా. మిగతా వివరాలు ఇస్తా. వేప కోయించి నెల దాటింది, ఇంటి ముందరే పేర్చి పెట్టాం. నాలుగు ఇంచుల చదరపు గుంజలు, దూలాలు, రేకుల కింద అడ్డంగా వేసే రీపర్లు, ఇంకా ముక్కాలు ఇంచు పలకలు. రేకులు రంగు వేసిన ఇనప రేకులే, సిమెంటు రేకులు కాదు. రీపర్లు చెక్కవే వేద్దామా, ఇనప చదరపు పైపులు వేద్దామా అనేది ఇంకా తేల్చలేదు.

#14 ఆచారి_మనవడు
నెల దాటిందా? తమ్ముడూ, అది ఇంకా పచ్చి చెక్కే. మేకా స్క్రూనా అన్నది పక్కన పెట్టు, ముందు ఇది చూడు.

పచ్చి చెక్కలో మేకు మెత్తగా దిగిపోతుంది, కొట్టేవాడికి హాయి. చెక్క ఎండి కుంచించుకునేసరికి మేకు చుట్టూ పట్టు వదిలేస్తుంది, ఎండలో తల పైకి లేచి కనిపిస్తుంది. మొదట్లో ఉన్న బిగువులో చాలా భాగం పోతుంది. స్క్రూ కొంచెం నయం, మరలు ఉన్నాయి కాబట్టి, అయితే పలక కుంచించుకుంటే స్క్రూ తల దగ్గరే చీలిక వస్తుంది. నీడలో ఆరబెట్టడానికి మందం ఇంచుకి ఏడాది అని పాతవాళ్ల లెక్క. నాలుగు ఇంచుల గుంజలకి అంత ఆగలేవు, నాకు తెలుసు. పలకలన్నా ఆరనీ. పేర్చేటప్పుడు మధ్యమధ్యలో సన్న కట్టెలు అడ్డం పెట్టి గాలి ఆడేటట్టు పేర్చు, ఎండ నేరుగా పడకుండా పైన కప్పు, కోసిన కొనలకి పాత పెయింటు పూయి, లేకుంటే అక్కడే ముందు చీలుతుంది.

గుంజలు, దూలాలు పచ్చిగానే వాడాల్సి వస్తే మేకూ వద్దు స్క్రూ కూడా వద్దు, బోల్టులు వెయ్యి. చెక్క ఎండాక నట్టు మళ్లీ ఒకసారి బిగించుకోవచ్చు. ఆ సౌకర్యం ఇంకదేనికీ లేదు.

#15 చిత్తూరు_సివిల్
బోల్టు మాట నేనే చెప్పాలనుకుంటున్నా. గుంజా దూలం కలిసే చోట 12 మి.మీ. జీఐ బోల్టు, రెండు పక్కలా వెడల్పు వాషరు. వాషరు లేకుంటే నట్టు చెక్కలోకి దిగబడుతుంది. కొట్టం నిలబడేది ఆ అతుకులమీద, అక్కడ మేకులమీద ఆధారపడొద్దు.

గుంజలు మట్టిలో పాతొద్దు. వేప చేదు, చెద పట్టదు అంటారు. మిగతా చెక్కలకన్నా నయమే, కానీ ఏళ్ల తరబడి తడిమట్టిలో ఉంటే దానికీ కాలం తీరుతుంది. కింద సిమెంటు దిమ్మ పోసి అందులో ఇనప ప్లేటు నిలబెట్టి దానికి బోల్టు వేయండి. మీ వైపు రాతి కూసాలు దొరుకుతాయి కదా, ద్రాక్ష తోటలకీ కంచెలకీ వాడేవి, అవి పెట్టుకుంటే ఇంకా మంచిది, పైన దూలం కూర్చోడానికి గాడి కొట్టించి ఇనప పట్టీ వేసుకోవచ్చు.

#16 రేణిగుంట_హార్డ్‌వేర్
భోజనాల టైము, ఇప్పుడు రేకుల సంగతి చెబుతా. ఇదే అసలైనది, ఇక్కడ తప్పు జరిగితే రేకు పక్కింటి పొలంలో తేలుతుంది.

గాలి రేకుని కిందికి నొక్కదు, పైకి లేపుతుంది. కొట్టం మూడు వైపులా తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కూడా కింద నుంచి తోస్తుంది. అంటే పీకే బలం. సివిల్ అన్న చెప్పినట్టు అక్కడ మేకు పనికిరాదు. గొడుగు తల మేకులు కొట్టిన పాత రేకులు గాలికి టకటకా కొట్టుకుంటూ ఉంటాయి చూడండి, ఒక్కో కదలికకీ మేకు కొంచెం కొంచెం పైకి వస్తుంది, రంధ్రం పెద్దదవుతుంది, నీళ్లు కారుతాయి. 2021 నవంబరు వానలప్పుడు తిరుపతి చుట్టుపక్కల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, వాన తగ్గినాక మా షాపుల ముందు రేకుల స్క్రూల కోసమే క్యూ.

రీపర్లు ఇనప పైపులైతే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు. కొన డ్రిల్లు బిట్టులా ఉంటుంది, తనే రంధ్రం చేసుకుని తనే మర వేసుకుంటుంది. తల ఆరు పలకలది, 8 మి.మీ. సాకెట్టు పెట్టి బిగించాలి. కింద నల్ల రబ్బరు వాషరు ఉంటుంది, దాన్ని ఈపీడీఎం అంటారు, మామూలు రబ్బరులా ఎండకి పగలదు.

రీపర్లు చెక్కవైతే ఇవే స్క్రూలు కొనుక్కుపోవద్దు! ఆ డ్రిల్లు కొన ఇనుముకి చేసింది, చెక్కలో పెద్ద రంధ్రం చేసి మరలకి పట్టు లేకుండా చేస్తుంది. చెక్క కోసం సూది కొనది, వెడల్పు మరలది వేరే వస్తుంది, పైన తల, వాషరు అదే. అడిగి తీసుకోండి. షాపులో కుర్రాడికి కూడా ఒక్కోసారి తేడా తెలియదు.

బిగించడం కూడా పద్ధతే. వాషరు కొంచెం నొక్కుకుని అంచు రేకుకి అతుక్కుంటే చాలు. డ్రిల్లు వదలకుండా తిప్పుతూనే ఉంటే వాషరు పక్కలకి ఉబ్బి చిరుగుతుంది, అక్కడే కారేది. వంకరగా వేసినా అంతే.

#17 పాకాల_పిల్లోడు
స్క్రూ రేకు మిట్ట మీద వేయాలా, పల్లంలో వేయాలా? ఇక్కడ ఇద్దరు ఫిట్టర్లు రెండు రకాలుగా చెప్పారు.

#18 రేణిగుంట_హార్డ్‌వేర్
మిట్ట మీద వేస్తే నీళ్లు పక్కనుంచి పోతాయి, కారే భయం తక్కువ, కానీ స్క్రూ పొడవు ఎక్కువ కావాలి, రేకు కింద ఖాళీ ఉంటుంది కాబట్టి ఎక్కువ బిగిస్తే మిట్ట నొక్కుకుపోతుంది. పల్లంలో వేస్తే పట్టు బాగుంటుంది, వాషరు దెబ్బతింటే మాత్రం నీళ్లన్నీ దానిమీదుగానే. మా వైపు ఎక్కువమంది మిట్ట మీదే వేస్తారు, నేనూ అదే చెబుతా. రేకు కంపెనీవాళ్లు కాగితం ఇస్తే దానిమీద ఉన్నట్టు చెయ్యి. రేకు అంచుల్లోనూ, చూరు దగ్గరా స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి, గాలి మొదట పట్టుకునేది అక్కడే.

#19 పలమనేరు_రైతు
మాది సిమెంటు రేకుల కొట్టం. ఒక రేకు పగిలింది, మార్చాలి. దీనికేం వేయాలి? మావాడు కాంక్రీటు మేకు కొట్టేద్దాం అంటున్నాడు.

#20 చిత్తూరు_సివిల్
కొట్టొద్దు, కొట్టిన చోటే ఇంకో రేకు పగులుతుంది. సిమెంటు రేకుకి డ్రిల్లుతో మిట్ట మీద రంధ్రం, బోల్టు లావుకన్నా కొంచెం పెద్దగా. కింద పైపుని పట్టుకునే జె హుక్కు, పైన తారు వాషరు, దానిమీద జీఐ వాషరు, తర్వాత నట్టు. నట్టు గట్టిగా బిగించొద్దు, ఎండకి రేకు జరగడానికి కొంచెం చోటుండాలి. పాత రేకులు ఆస్‌బెస్టాస్‌వి అయ్యుంటాయి, రంధ్రం చేసేటప్పుడు తడిపి చేయండి, మూతికి మంచి మాస్కు కట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

#21 కుప్పం_టు_బెంగళూరు
సరే, రేకు స్క్రూది, గుంజలు బోల్టువి, మిగిలింది అటక, తలుపు. అటక పలకలకి స్క్రూ అని నా మాట. నడిచినప్పుడు మేకు పలకలు కిర్రుకిర్రుమంటాయి. ఒక చిట్కా చెబుతా, ఇది చాలామంది చేయరు. తలనుంచి కొనదాకా మరలున్న స్క్రూ రెండు పలకల్లోనూ మర వేసుకుంటుంది, దాంతో రెండింటి మధ్య సందు అలాగే ఉండిపోతుంది, ఎంత తిప్పినా దగ్గరకి రాదు. పై పలకలో స్క్రూ వదులుగా దూరేంత రంధ్రం, కింది చెక్కలో సన్నది. అప్పుడు తల పై పలకని లాగి కూర్చోబెడుతుంది. 8 నంబరు స్క్రూకి వేప లాంటి గట్టి చెక్కలో కింది రంధ్రం 3 మి.మీ., పైన నాలుగున్నర. మరలకి కొంచెం సబ్బు రాయండి, డ్రిల్లు కూడా మొరాయించదు.

#22 ఆచారి_మనవడు
ఇది ఒప్పుకుంటున్నా. అటకకి స్క్రూ. సబ్బు చిట్కా మా తాత కొవ్వొత్తితో చేసేవాడు.

ఇత్తడి స్క్రూలు వేసేవాళ్లకి ఇంకోటి. ముందు అదే సైజు ఇనప స్క్రూ వేసి, తీసేసి, ఆ దారిలో ఇత్తడిది వేయాలి. నేరుగా వేస్తే తల తెగి చేతికొస్తుంది, మిగతాది చెక్కలోనే. పూజగది తలుపులకి ఇత్తడి బందులు పెట్టించుకునేవాళ్లు ఆచారితో ఈ మాట ముందే చెప్పండి.

తలుపుకి మాత్రం నాదే మాట. పలకలకి మేకులు, వెనక మడిచి. బందులకి స్క్రూలు, రంధ్రం చేసి, చివరిదాకా తిప్పి.

#23 కుప్పం_టు_బెంగళూరు
ఆవు కొమ్ముతో గుద్దే తలుపుకి మడిచిన మేకు మంచిదే, సరే. బందులకి స్క్రూలన్నావు కదా, నాకదే చాలు. పై బందుకి మాత్రం రెండు స్క్రూలన్నా బోల్టులుగా మార్చు తమ్ముడూ, పశువులు తలుపుకి ఒళ్లు రుద్దుకుంటాయి.

#24 చంద్రగిరి_చిన్నమ్మ
కొంచెం టాపిక్ బయట. కొత్త ఇంట్లో టేకు వాకిలి పెట్టించాం. ప్రతి పండక్కీ మామిడాకుల తోరణం కట్టడానికి మా ఆయన పైన మేకులు కొడతానంటున్నారు, టేకులో మేకులు కొడితే చీలుతుందా?

#25 మిద్దెతోట_అక్క
కొట్టనివ్వకండి చిన్నమ్మా. చిన్న ఇత్తడి కొక్కెం స్క్రూలు దొరుకుతాయి, కర్టెన్ల షాపులో కూడా. సన్న రంధ్రం చేసి చేత్తో తిప్పేస్తే దిగుతుంది, రెండు చివర్లా రెండు చాలు. మేకు కొడితే పాలిష్ లేస్తుంది, తుప్పు నీళ్లు వాకిలిమీద కారుతాయి.

#26 సెంట్రింగ్_సామి
కోతుల సంగతి ఎవరూ చెప్పలేదు. చంద్రగిరి, తిరుపతి వైపు రేకులమీద అవి గంతులేస్తాయి. స్క్రూలు వేసినా ఏడాదికోసారి ఎక్కి వదులైనవి బిగించుకోవాలి.

#27 పాకాల_పిల్లోడు
నిన్న ఆచారినీ బావనీ కూర్చోబెట్టి ఈ టాపిక్ మొత్తం చదివి వినిపించా. పచ్చి చెక్క మాట రాగానే ఆచారి "నేనూ అదే చెబుదామనుకుంటున్నా" అన్నాడు. బావ బ్యాగులో చూస్తే ఉన్నవి నల్ల స్క్రూలే, రెండు డబ్బాలు, హార్డ్‌వేర్ అన్న చెప్పినట్టే. అవి వాపసు పోతాయి.

గుంజల బదులు రాతి కూసాలు తెప్పిస్తున్నాం, పూతలపట్టు వైపు ఒకాయన ఇస్తానన్నాడు. రీపర్లు ఇనప పైపులే. వేప దూలాలకీ, అటకకీ, తలుపుకీ వాడతాం, పలకలు కొట్టం వెనక నీడలో కట్టెలు పెట్టి మళ్లీ పేర్చాం. అటక, తలుపు జాతర తర్వాతే, ముందు కప్పు పడితే ఆవులకి చాలు అన్నాడు నాయన.

ఒక్క డౌటు మిగిలింది. రాతి కూసం పైన ఇనప పట్టీ అన్నారు కదా, రాయికి దాన్ని ఎట్లా బిగించాలి? రాయిలో స్క్రూ దిగదు కదా.

#28 చిత్తూరు_సివిల్
రాయి పగలకుండా ఉండాలంటే రంధ్రమే చేయొద్దు. యు ఆకారం పట్టీ చేయించి కూసం చుట్టూ వేసి, రెండు చెవులకీ అడ్డంగా బోల్టు వేయించండి, ఆ చెవుల మధ్యలో దూలం కూర్చుంటుంది. ఆటోనగర్‌లో ఏ వెల్డింగు షాపైనా చేసిస్తారు. తీసుకెళ్లే ముందు కూసాల కొలత ఒక్కొక్కటీ విడిగా రాసుకోండి, రాయి ఏ రెండూ ఒకే లావు ఉండవు. వెల్డింగు చేసిన చోట జింకు పెయింటు పూయించండి.

#29 ఊరికే_వచ్చా
రాళ్లు, బోల్టులు, పైపులు. మొత్తానికి మేకలకి మేకులు తలుపు దగ్గర మాత్రమే మిగిలాయి.

#30 పాకాల_పిల్లోడు
రాళ్లు బుధవారం దిగుతాయి. తలుపుకి మేకులు మూడు ఇంచులవి తీసుకోవాలా, రెండున్నరవా? పలక ముక్కాలు ఇంచు, వెనక అడ్డపట్టె ఇంచున్నర.

#31 ఆచారి_మనవడు
రెండూ కలిపి రెండుంపావు. రెండున్నర తీసుకుంటే కొన పావు ఇంచే బయటికొస్తుంది, మడవడానికి చాలదు. మూడు ఇంచులవి తీసుకో, జీఐవి. పలక వైపునుంచి కొట్టి, వెనక సుత్తి ఇంకొకడి చేత అడ్డం పట్టించి, పోగుకి అడ్డంగా మడువు, పొడవునా మడిస్తే చీలుతుంది.